మొదటి ఊపిరి బుడగక్కదే

ముందు చప్పుడు వినిపిస్తుంది. ఇనప గొట్టాన్ని ఇనప బల్ల అంచుకి తాటించిన చప్పుడు. టంగ్‌మన్న ఆ మోత సాగి సాగి సన్నబడి, ఇక అయిపోయిందనుకున్న చోట గాజు విరిగి రాలుతుంది, ఎవరో ఎండుటాకుల మీద నవ్వినట్టు. తర్వాత కాసేపు కొలిమి గురక తప్ప ఏమీ ఉండదు. ఆ గురక కింద ఎవరో ఊపిరి బిగబట్టారని, దాన్ని కొద్దిగా, చాలా కొద్దిగా వదిలారని, రేకుల తలుపు బయట నిలబడ్డవాళ్లకి కూడా తెలిసిపోతుంది.

తలుపు తోయగానే వేడి ఎదురొచ్చి మొహం తడిమి చూస్తుంది. పొడవాటి షెడ్డు. మధ్యలో ఇటుకల కొలిమికి మూడు నోళ్లు, మూడింటిలోనూ నారింజ రంగు పగలు. నీళ్ల బకెట్లలో చెక్క అచ్చులు నానుతుంటాయి, తడిగా కాలిన కర్ర వాసన వేస్తుంటుంది. అన్నిటికీ చివర ఒక పొట్టి మనిషి, తనకంటే పొడుగున్న గొట్టాన్ని పెన్సిలంత తేలిగ్గా పట్టుకుని.

"వస్తే వచ్చావు గానీ తలుపు మూసెయ్. చల్లగాలి తగిలితే గాజు అలుగుతుంది" అంది వెనక్కి తిరగకుండానే.

ఆమే బుడగక్క. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. మోచేతుల పైకి మడిచిన చొక్కా చేతులు. ఆ చేతుల నిండా నల్లటి చిన్న చిన్న మచ్చలు, ఆకాశాన్ని తిరగేసి నక్షత్రాలని నల్లగా అద్దినట్టు. చూసీ చూడనట్టు చూస్తే ఊరుకోదు.

"సరిగ్గా చూడు. దాచుకోడానికి ఇవేమన్నా నగలా?"

ఈ కార్ఖానాలో దీపాలకి పెట్టే గుండ్రటి గ్లోబులు ఊదుతారు. నాటకశాలలకి, స్టేషన్లకి, పెద్ద పెద్ద మెట్ల గదులకి. ప్రతి గ్లోబులోనూ ఇద్దరి ఊపిరి ఉంటుంది. గొట్టం కొసకి కరిగిన గాజు ముద్దని చుట్టుకుని ఒకరు మొదటి ఊపిరి పోస్తారు. ముద్ద లోపల గోళీ అంత బుడగ పుడుతుంది. అప్పుడు గొట్టం రెండో మనిషి నోటికి వెళ్తుంది. ఆ మనిషి బుడగని పెద్దది చేసి అచ్చులోకి దించుతాడు. పెద్దది చేయడానికి బలం చాలు. పుట్టించడానికి బలం పనికిరాదు. మొదటి బుడగ నడిమధ్యన నిలవకపోతే తర్వాత ఎంత ఊదినా గ్లోబు ఒక చెంప వాచిన మొహంలా తయారవుతుంది. బుడగక్క పుట్టించిన బుడగ పక్కకి జరిగిందన్న మాట ఆ షెడ్డులో ఎవరూ వినలేదు.

"ఊదకూడదు" అంటుంది ఆమె. "నిద్రపోయే పిల్ల చెవిలో రహస్యం చెప్తామే, అలా చెప్పాలి గొట్టంలోకి. వినపడాలి. లేవకూడదు."

ఆమె ఇక్కడికి గాజు పెంకులు ఊడ్చే పనికి వచ్చింది. ఒకరోజు అందరూ భోజనాలకి వెళ్తే, పక్కన పడేసిన గొట్టం తీసుకుని ముద్ద చుట్టి ఊదుతూ మేస్త్రికి దొరికిపోయింది. చీపురు ఇంకా చంకలోనే ఉంది.

"ఏయ్ పిల్లా, ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు బాబాయ్. మీరంతా గట్టిగా ఊదుతుంటే పాపం దానికి భయమేస్తోందనిపించింది."

మేస్త్రి ఆ గోళీ అంత బుడగని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, ఆమె చంకలోంచి చీపురు లాగి మూలకి విసిరేశాడు. అప్పట్నించీ ఆయన ఆమెకి బాబాయే. వరస ఏమీ లేదు, అలవాటు.

ఆ షెడ్డుకి రెండు అలవాట్లు ఉండేవి. ఒకటి, గొట్టం ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్లేటప్పుడు తుడవకూడదు. తుడిస్తే ఇచ్చిన మనిషిని కాదన్నట్టు. కొట్లాడుకున్నవాళ్లు కూడా గొట్టం దగ్గర మాత్రం తుడిచేవాళ్లు కారు. రెండోది, ఒంటి మీద ఏ పొక్కు లేచినా, ఏ మచ్చ పడినా దాన్ని కొలిమి ముద్దు అనడం. ఎన్ని ముద్దులుంటే అంత పాతకాపు. కొత్తవాళ్లు చొక్కా చేతులు మడిచి, ఎప్పుడు పడుతుందా మొదటి ముద్దు అని చూసుకునేవాళ్లు.

అందుకే అక్క చేతుల మీద దురద పొక్కులు లేచినప్పుడు అందరూ నవ్వారు. "కొలిమికి నీ మీద మనసైందక్కా" అన్నాడు పిట్ట. పిట్ట ఆమె గొట్టం అందుకునే రెండో మనిషి. సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు, ఊపిరి మాత్రం ఎద్దుది. కనుబొమ్మల్లో, ముక్కు పక్కన పొట్టులా రాలుతుంటే అక్క బూడిద అనుకుంది. పక్కటెముకల మీద మంటతో పొక్కులు వరసగా లేచి, మాని, గుర్తు మిగిలితే, నిద్రమత్తులో గాజు తగిలిందనుకుంది. నాలుక మండితే ఉప్పునీళ్లు పుక్కిలించింది. గొట్టం వేడి కదా, గొట్టం పట్టేవాళ్లకి నోరు మండక ఏం మండుతుంది? ఇంకెవరైనా ఎప్పుడో డాక్టర్ దగ్గరికి పరిగెత్తేవాళ్లు. వీళ్లకి మాత్రం అవి పతకాలు.

ఆమె కూతురు కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. రోజంతా ఎదుటివాళ్ల మొహాలు దగ్గర్నించి చూసే ఉద్యోగం. ఒక పొద్దున కిటికీ దగ్గర తల్లి తల దువ్వుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, నోరు తెరువు."

"ఏం, నేనేమన్నా గుర్రాన్నా, పళ్లు చూసి బేరమాడతావా?"

"తెరువమ్మా నువ్వు!"

ఫోన్ లైటు వేసి చూసింది. నాలుక మీద, చెంపల లోపల, విరిగిన పెరుగు అంటుకున్నట్టు తెల్లటి పూత. స్పూను వెనక వైపుతో మెల్లగా గీరితే ఊడొచ్చింది. కింద ఎర్రగా పచ్చి. పెదవుల మూలలు రెండూ చిట్లి ఉన్నాయి. కూతురు లైటు ఆర్పలేదు. ఆ రోజు షాపుకి సెలవు పెట్టింది.

చర్మం డాక్టరమ్మ గది చిన్నది. ఒక బల్ల, ఒక ట్యూబులైటు, గోడకి చేతులు కడుక్కునే తొట్టి. అక్క తన చేతులు తనే ముందుకి చాపింది, కాస్త గొప్పగా.

"కొలిమి ముద్దులమ్మా. మా పనిలో అందరికీ ఉంటాయి."

"కాళ్లకి కూడా ఉన్నాయే. కొలిమి పక్కన పడుకుంటారా?"

అక్క కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది.

"మరి పక్కటెముకల మీద ఈ మచ్చ?"

"గాజు కాల్చింది."

"వెన్ను దగ్గర మొదలుపెట్టి, సగం బెల్టులా తిరిగి, సరిగ్గా బొడ్డు దగ్గరికొచ్చి ఆగిపోయిందా? చాలా పద్ధతిగల గాజులా ఉందే."

అక్కకి నవ్వొచ్చింది. నవ్వితే పెదవి మూల చిట్లి రక్తం చుక్క కనపడింది. డాక్టరమ్మ దూది ఇచ్చి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"ఇది సర్పి వచ్చి మానిన గుర్తు. నోట్లోది బూజు లాంటిది, మందుకి పోతుంది. ఏదో ఒక్కటైతే ఎవరికైనా వస్తుంది. అన్నీ కలిసి ఒకే ఇంటి తలుపు తడుతున్నాయంటే లోపల కాపలా తగ్గిందేమో చూడాలి. మీరు సరేనంటే రక్తపరీక్ష చేయిద్దాం."

సరేనంది. హెచ్ఐవి ఉందని తేలింది.

"ఆ రోజు ఏం చేశావక్కా?" అని నేను అడిగితే, "పనికొచ్చాను. ఇంటికెళ్తే గోడలు అడుగుతాయి ఏమైందని" అంది. ఎలా వచ్చిందని మాత్రం అడగనివ్వదు. "దారి సంగతి నాకూ మా ఆయనకీ మధ్యది. ఆయన లేడు, నేను చెప్పను. వచ్చిన జబ్బు గురించి అడుగు, ఎంతసేపైనా చెప్తాను."

షెడ్డులో ఆమే చెప్పింది, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు. చెప్పకుండా ఉండొచ్చుగా అంటే ఆమెకి కోపం వస్తుంది. "నా నోటి తర్వాత పిట్టగాడి నోరు. వాడికి తెలియకుండా గొట్టం చేతికిస్తానా? దొంగతనంగా ఇస్తే అది మొదటి ఊపిరి ఎలా అవుతుంది?"

అందరూ లేచి గిన్నెలు కడుక్కున్నారు. మళ్లీ పని మొదలైంది. అక్క ముద్ద చుట్టింది, రహస్యం చెప్పింది, బుడగ పుట్టింది. గొట్టం పిట్టకి అందించింది. పిట్ట గొట్టం అందుకుని, కొంచెం పక్కకి తిరిగి, చొక్కా చేతితో దాని మూతి తుడిచాడు.

ఒక్కసారే. కొలిమి చుట్టూ ఉన్న కళ్లన్నీ చూశాయి.

"ఒరేయ్ పిట్టా. గొట్టం తుడిచావా?"

"చెమటక్కా..."

"చెమట నా నుదుటి మీదుందిరా. గొట్టం మీద కాదు."

గొట్టం కొసన బుడగ చల్లారి, పగిలి, నేల మీద పడింది. 

సాయంత్రం మేస్త్రి ఆమె దగ్గరికొచ్చి నిలబడ్డాడు, చూపులు బకెట్లలో ముంచి. "కొన్నాళ్లు గ్లోబుల అంచులు గీసి నునుపు చేసే చోట కూచో తల్లీ. నోరు మానాలి కదా." ఆయన మాటలో సగం పిరికితనం, సగం నిజం. నిజం సగం ఆమెకే బాగా తెలుసు. చిట్లిన పెదవుల మూలల్లోంచి కొన్నాళ్లుగా ఊపిరి కారిపోతోంది. బుడగ ఇంకా పక్కకి జరగలేదు గానీ జరగాలని చూస్తోంది.

ఆ కొలిమికి వయసైపోయింది. ఇటుకలు అరిగి లోపలికి కుంగుతున్నాయి. దాన్ని ఆర్పి, విప్పి, కొత్తది కట్టబోతున్నారు. కొత్త కొలిమి వెలిగించిన పొద్దున మేస్త్రి ఎవరి చోటు ఎవరిదో చెప్తాడు. ఆ కొలిమి మళ్లీ ఆరిపోయేదాకా ఆ మాటే మాట. ఆ పొద్దుటికి అక్క నోరు మానకపోయినా, మానిన నోటిని వీళ్లు ఒప్పుకోకపోయినా, మొదటి ఊపిరి ఇంకొకళ్లది. ఆమె వయసు చూస్తే ఇంకో కొత్త కొలిమి దాకా ఆగే వయసు కాదు.

ఆలోపు మొదటి ఊపిరి పిట్ట పోశాడు. అవన్నీ అక్క దగ్గరికే వచ్చేవి అంచులు గీయడానికి. వేలు పెడితే తెలిసేది, ఒకవైపు మందం, ఇంకోవైపు ఉల్లిపొర. "వాడి తప్పు కాదు. భయపడుతూ ఊదేవాడు. భయం ఎటుంటే బుడగ అటు పోతుంది" అంటుంది ఇప్పుడు. అప్పుడు మాత్రం ఒక్కో గ్లోబు అంచు గీస్తూ ఒక్కో తిట్టు తిట్టిందట.

నోట్లో బూజు మందుకి త్వరగానే దిగింది. తినే తిండికి మళ్లీ రుచి వచ్చింది. పెదవుల మూలలకి రాసుకునే పూత రాసుకుంటూ, ఇంట్లో అద్దం ముందు ఖాళీ గొట్టం పెట్టుకుని పెదవులు బిగించి చూసుకునేది. హెచ్ఐవి మాత్రలు రోజూ మింగేది. అంతా గాడిలో పడిందనుకుంటుండగా చేతుల మీద పొక్కులు మళ్లీ గుప్పున లేచాయి, ముందుకంటే ఎక్కువ. రాత్రుళ్లు గోళ్లు ఊరుకోలేదు. "మందే నన్ను తినేస్తోంది" అని మాత్రల డబ్బా అటక మీదికి తోసేసింది. కూతురు కుర్చీ ఎక్కి దాన్ని దించి, తల్లి ఒళ్లో పెట్టి, "మానేస్తానంటే ఆ మాట ఆవిడ మొహాన చెప్పి మానెయ్. నాతో కాదు" అని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ పొక్కులన్నీ చూసి తల ఊపింది.

"మందు పనిచేస్తోంది కాబట్టే ఈ గొడవ. ఇన్నాళ్లూ నిద్రపోయిన కాపలావాళ్లు లేచారు. ఇంట్లో ఎవరెవరు చొరబడ్డారో ఇప్పుడు చూసి కేకలు పెడుతున్నారు. కొందరికి మొదట్లో ఇలా అవుతుంది, సర్దుకుంటుంది. మాత్రలు మాత్రం మానొద్దు. దురదకి వేరే మందిస్తాను."

"మరి కాస్త మెల్లగా అరవమనండమ్మా. పక్కింటివాళ్లు వింటారు."

డాక్టరమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి అక్క ధైర్యం తెచ్చుకుని, ఇన్నాళ్లూ అడగని మాట అడిగింది. నా నోట్లో పెట్టుకున్న గొట్టం ఇంకొకళ్లు నోట్లో పెట్టుకుంటే ఇది వాళ్లకి వస్తుందా?

"ఉమ్మి వల్ల హెచ్ఐవి రాదు. కానీ ఒకళ్ల నోట్లోది ఇంకొకళ్లు పెట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు. వాళ్ల జలుబులు, దగ్గులు, పెదవి మీద పొక్కులు, అవన్నీ ముందు మీ మీదికే వస్తాయి. వాళ్లు మీకు భయపడటం కాదు. మీరే వాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి."

ఆ మాట వినగానే అక్క ఒక అంగుళం పొడుగైంది. కూతురే చెప్పింది ఈ సంగతి. మెట్లు దిగుతూ తల్లి చేయి పట్టుకోబోతే, "వదులు, నేనేమన్నా ముసలిదాన్నా" అందట.

అక్కణ్ణించి ఇంటికి వెళ్లలేదు, లేతు మిషనాయన దగ్గరికి వెళ్లింది. గొట్టం మూతికి తొడిగి తీసేలా ఇత్తడి తొడుగులు చేయమంది.

"ఏంటక్కా ఇవి, ఉంగరాలా?"

"ఆ, నోటికి. షెడ్డు మొత్తానికి చెయ్. ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు పెట్టు."

కొత్త కొలిమి వెలిగించిన పొద్దున అందరూ ఉతికిన చొక్కాల్లో వచ్చారు. కొత్త ఇటుకల వాసన. మంట తెల్లబడేదాకా అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"మొదటి ఊపిరి..." అని ఆగిపోయాడు.

పిట్ట ముందుకొచ్చాడు. బల్ల మీది గొట్టం తీసి మూతి తన పెదవులకి ఆనించుకున్నాడు. ఆనించుకుని, అలాగే, అందరూ చూస్తుండగా అక్క వైపు చాపాడు.

"నువ్వే అక్కా. నా నోట్లోంచే తీసుకో. నువ్వూ తుడవకు, నేనూ తుడవను."

షెడ్డులో కొందరు కళ్లు దించుకున్నారు. అక్క గొట్టాన్ని చూసింది. పిట్టని చూసింది.

"ఛీ, ఎవరిక్కావాలిరా నీ ఎంగిలి?"

పిట్ట మొహం పాలిపోయింది.

"పొద్దుట్నించీ దగ్గుతూనే ఉన్నావు. నా ఒంట్లో కాపలావాళ్లు ఇప్పుడిప్పుడే లేచి మొహాలు కడుక్కుంటున్నారు. వాళ్ల మీదికి నీ దగ్గుని తోలతావా? నా వల్ల నీకొచ్చేదేం లేదురా వెర్రిమొహమా, డాక్టరమ్మ చెప్పింది. నీ వల్లే నాకు భయం!"

ముందు ఎవరు నవ్వారో తెలీదు. తర్వాత మేస్త్రి తప్ప అందరూ నవ్వారు, పిట్ట ఏడుస్తూ నవ్వాడు. అక్క చేతి సంచిలోంచి గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పింది. ఇత్తడి తొడుగులు, వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టినవి.

"తలా ఒకటి. ఎవరి నోరు వాళ్లది."

మేస్త్రి మొహం చిట్లించాడు. "తుడవకపోవడం ఈ షెడ్డు మర్యాద తల్లీ. మా మేస్త్రి, ఆయన మేస్త్రి..."

"మర్యాద ఎక్కడికి పోతుంది బాబాయ్? అసలు తుడవాల్సిన పనే లేని గొట్టం ఇస్తున్నాను కదా. ఇంకేం కావాలి?"

ఆ మాట అంటూనే ఆమె తన తొడుగు బిగించింది. కొలిమిలోకి గొట్టం దించి, తేనె తీసినట్టు తిప్పుతూ, ముద్ద చుట్టుకుని వచ్చింది. బల్ల మీద దొర్లించింది. మానిన పెదవులు ఇత్తడి మీద మూసుకున్నాయి. ఒక్క మూల నుంచి కూడా ఏమీ జారలేదు. షెడ్డంతా చెవి అయింది. ఆమె చెంపలు ఉబ్బలేదు, మెడ బిగుసుకోలేదు. ఏదో చెప్పింది గొట్టంలోకి, అంతే. నారింజ ముద్ద నడిబొడ్డున ఒక చిన్న ఖాళీ కళ్లు తెరిచింది.

పిట్ట తన తొడుగు బిగించుకుని గొట్టం అందుకున్నాడు. ఊదాడు, అచ్చులో దించాడు, ఆవిరి లేచింది. బయటికొచ్చిన గ్లోబుని మేస్త్రి వెలుతురుకి పెట్టి తిప్పాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఎక్కడ ఆపి చూసినా ఒకటే మొహం.

"ఏంటి అందరూ నిలబడ్డారు?" అని కసిరాడు. "ఎవరి చోటికి వాళ్లు పొండి. అక్క చోటు వదలండి."

ఆ చోటులోనే ఉంది ఇప్పటికీ. మాత్రలు మానలేదు. రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గిందని పరీక్షలు చెప్తున్నాయి. దురద పోయింది, మచ్చలు మిగిలాయి. కొలిమి ముద్దు అన్న మాట షెడ్డులో ఇంకా ఉంది గానీ, ఇప్పుడు ఎవరికి ముద్దు పడినా ముందు అక్క దగ్గర హాజరు వేయించుకోవాలి. "కొలిమి చేతులకే పెడుతుంది ముద్దు. కాళ్లకీ వీపుకీ పెట్టిందంటే అది కొలిమి కాదు. పద డాక్టరమ్మ దగ్గరికి." పిట్ట నాలుక రోజూ చూస్తుంది. వాడికి ఏమీ లేదు. అయినా చూస్తుంది.

నేను వెళ్లిన రోజు పెద్ద గ్లోబుల పని నడుస్తోంది. ఆమె ముద్ద చుట్టుకుని వచ్చి బల్ల మీద దొర్లిస్తుంటే, ఆ వెలుగు మెడ మీద, చేతుల మచ్చల మీద, గట్టిగా మూసిన పెదవుల మీద మెల్లగా పాకింది. ఆ పొద్దున పేరు పలకబోయి మేస్త్రి ఆగాడు కదా, ఆ కాసేపూ లోపల ఏమనిపించిందక్కా అని అడిగాను.

ఆమె గొట్టం ఎత్తి, బొటనవేలితో తొడుగు బిగువు చూసుకుంది.

"తర్వాత చెప్తా. ఇప్పుడింకేం అడక్కు, నా నోటికి పనుంది."